గాజు గొట్టంలో కుంకుమ

ఆర్మూరులో బయోకెమిస్ట్రీ చదివిన మొదటి మనిషి రత్నవ్వ. అదేం చదువని ఎవరైనా అడిగితే, ఒంట్లో జరిగే వంట గురించిన చదువని చెప్పేది. వంట నేర్చుకోవడానికి హైదరాబాదు దాకా పోవాలా అని నవ్వేవాళ్ళు.

ఆమెను చదివించింది అక్క నీలవ్వ. అమ్మానాన్నలు పోయాక ఇద్దరే మిగిలారు. నీలవ్వ మార్కెట్ యార్డు వెనక ముత్తెన్న సేటు షెడ్డులో పనికి చేరింది. అక్కడ ఎండిన పసుపు కొమ్ములను ఇనుప డ్రమ్ములో వేసి తిప్పుతారు. పైపొట్టు రాలి కొమ్ములు నున్నబడతాయి. ఆఖర్న పసుపుపచ్చటి రంగు పొడి చల్లి ఇంకొంచెం తిప్పుతారు. అప్పుడు మెరుస్తాయి. బయటి ఊళ్ళ వ్యాపారులు మెరిసే కొమ్మునే చేతిలోకి తీసుకుంటారు.

పొడి ఎప్పుడు వేయాలో చెప్పేది నీలవ్వ. డ్రమ్ము చప్పుడు విని చెప్పేది. గరగరమనే మోత గలగలకు మారగానే చెయ్యెత్తేది. ముందే వేస్తే రంగు పొట్టుతో పోతుంది. ఆలస్యమైతే కొమ్ములు విరుగుతాయి. ఆ చెవి షెడ్డులో ఇంకెవరికీ లేదు.

1984లో రత్నవ్వ ఎమ్మెస్సీ ముగించి తిరిగి వచ్చింది. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పని దొరికింది. ఇంటి వెనక గదిలో ఒక బల్ల వేసుకుంది. దాని మీద పింగాణీ గిన్నెలు, గాజు గొట్టాలు. కింద బొగ్గుల కుంపటి.

మొదటి పరీక్ష అక్క కొంగు దులిపితే రాలిన పొడి మీద చేసింది. కాల్చి బూడిద చేసింది. ఆ బూడిదను ఆమ్లంలో కరిగించి, వడగట్టి, హైదరాబాదు నుంచి తెచ్చిన మందు చుక్కలు వేసింది. నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. చూస్తుండగానే ఎరుపెక్కాయి. అంటే అందులో క్రోమియం ఉంది. అంత పచ్చటి పొడిలో క్రోమియం ఉంటే దాని వెంట సీసం ఉంటుంది.

తర్వాత అక్క వేలు పొడిచి ఒక చుక్క రక్తం తీసింది. కాలేజీ మైక్రోస్కోపు కింద చాలాసేపు చూసింది. ఎర్రకణాలు పాలిపోయి ఉన్నాయి. వాటిలో సన్నటి నీలి చుక్కలు. రక్తానికి ఎరుపునిచ్చే వంటను సీసం మధ్యలో ఆపేస్తుంది. పుస్తకంలో ఆ బొమ్మ ఆమె చూసింది. ఇప్పుడది అక్క పేరు రాసిన గాజు పలక మీద ఉంది.

"అక్కా, గా షెడ్డుకు పోకే. గది ఇసం" అంది.

"పదేండ్లసంది పోతున్న. సచ్చిన్నా?"

"అద్దంల నీ చిగుళ్ళు సూస్కో. నల్లగీత పడ్డది."

"తంబాకు నమిల్తె పడదా? ఊకె బుగులు వెట్టకు." నీలవ్వ చేతులు కడుక్కుంటూ అంది. "ఇంట్ల కూసుంటె నన్నెవ్వలడుగుతరే? గాడ నేను చెయ్యెత్తెదాంక సేటు గూడ ఊపిరి బిగవట్టి నిలవడ్తడు."

నలుగురి ముందు చూపిస్తే అక్క నమ్ముతుందనుకుంది రత్నవ్వ. 1986 ఎండాకాలంలో, మధ్యాహ్నం డ్రమ్ము ఆపిన వేళ, బల్ల తీసుకుపోయి షెడ్డు ముందు వేసింది. రెండు గొట్టాలు నిలబెట్టింది. ఒకదానిలో ఇంటి పెరట్లో పండిన పసుపు బూడిదను కరిగించిన ఆమ్లం. రెండోదానిలో అట్లాగే కరిగించిన షెడ్డు పసుపు. ముందు చూపించడం, తర్వాత చెప్పడం ఆమెకు క్లాసులో అలవాటు. ఇక్కడా అట్లాగే చేసింది.

మొదటి గొట్టంలో మందు వేసింది. రంగు మారలేదు. రెండోదానిలో వేసింది.

"అగో, ఎర్రగైంది!" రామవ్వ అరిచింది. నీలవ్వతో పాటు పొడి చల్లే మనిషి ఆమె. "కుంకుమైంది సూడుండ్రి! మన పసుపు కుంకుమైంది!"

ఆడవాళ్ళంతా ముందుకు జరిగారు. రామవ్వ గొట్టం వంచి వేలు తడుపుకొని నొసటికి పెట్టుకోబోయింది. రత్నవ్వ ఆ చేతిని పట్టి లాగింది.

"అది ఆమ్లం, కాల్తది! ఎరుపైతెనే ఇసం. మారనిదే మంచిది."

"ఏం మాటనే! సున్నం గల్పితె పసుపు ఎర్రగైతది. ఎర్రగైతెనే అసలుది" అంది రామవ్వ.

"గీ మొదటిది సచ్చిన పసుపు" అన్నారింకెవరో. "ఎవ్వలింటిదే?"

"మా ఇంటిదే" అంది నీలవ్వ. అందరూ నవ్వారు. "సదివి సదివి మా చెల్లెకు మంచేందో చెడ్డేందో తెల్వకుంటైంది" అని ఆమె కూడా నవ్వింది.

రత్నవ్వ గంటసేపు చెప్పింది. మాటలు వినబడ్డాయి గాని, కళ్ళకు ఎరుపు కనబడింది. ముత్తెన్న సేటు గుమ్మంలో నిలబడి అన్నీ విన్నాడు. పై సీజనులో వ్యాపారులకు కొమ్ములు చూపిస్తూ, "మా ఎమ్మెస్సీ మేడం పరీక్ష జేసింది సేఠ్, నిండు కుంకుమ రంగొచ్చింది" అనడం మొదలుపెట్టాడు. ఒకనాడు తోవలో ఆగి అడిగాడు.

"మేడం, గా మందు సీసా ఒక్కటి మాకు గూడ తెప్పియ్యరాదుండ్రి?"

ఆమె షెడ్డు పసుపు నమూనా జతచేసి, కల్తీలు పట్టే ఆఫీసుకు మూడు దరఖాస్తులు రాసింది. ఒకదానికే జవాబు వచ్చింది. నమూనా రంగు, వాసన బాగున్నాయని అందులో ఉంది.

1991లో నీలవ్వ కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. ఎత్తితే మోచెయ్యి లేచేది, వేళ్ళు కిందికి వేలాడేవి. దవాఖానలో నరాల బలహీనత అని సూదులు రాశారు. సీసం సంగతి రత్నవ్వ చెప్పబోయింది. డాక్టరు చీటీ రాసి తర్వాతి మనిషిని పిలిచాడు.

నీలవ్వ నెల రోజులు ఇంట్లోనే ఉంది. రత్నవ్వ కోరుకున్నది అదే. కాని నీలవ్వ ముద్ద ముట్టడం తగ్గించింది. డ్రమ్ము మోత వాకిలి దాకా వినిపించేది. ఆమె అరుగు మీద కూర్చుని వినేది.

"తొందరవడి ఏసిన్రు" అనేది. ఇంకోసారి, "అయ్యో, ఇరుగుతున్నయి" అనేది. వాలిన చెయ్యి దానంతటదే లేవబోయేది.

ముత్తెన్న సేటు వచ్చాడు. అరుగు కింద నిలబడి మాట్లాడాడు.

"చెయ్యి వోతె వోయింది. చెవ్వుంది గద నీలవ్వా. స్టూలేపిస్త, కూసోని చెప్పు. చల్లెటోళ్ళు చల్లుతరు."

నీలవ్వ చెల్లెలి వైపు చూసింది. నెల రోజుల్లో మొదటిసారి ఆ ముఖంలో కళ వచ్చింది.

"రత్నా, నువ్వు వద్దంటె పోనే" అంది.

రత్నవ్వ వద్దనబోయింది. వాళ్ళు సచ్చిన పసుపన్న ఆ మారని గొట్టం గుర్తొచ్చింది. ఆ రోజు అక్కకు అన్నం కలిపి పెట్టింది. నీలవ్వ నెల తర్వాత కడుపునిండా తిన్నది.

తెల్లవారి నీలవ్వ వంగి కూర్చుంటే తల దువ్వింది. బొట్టు పెట్టింది. ఇద్దరూ నడిచి షెడ్డు దాకా వచ్చారు. లోపల రామవ్వ ఒక్కతే ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకొని ఉండడం గాలికి తెరుచుకోకుండా గొళ్ళెం పెట్టిన తలుపు సందులోంచి కనిపించింది. మిగతావాళ్ళ ముఖాలు పచ్చగా ఉన్నాయి.

నీలవ్వ గొళ్ళెం వైపు చెయ్యి చాపింది. వేళ్ళు దానికి తగిలి జారాయి. మళ్ళీ చాపింది.

గొళ్ళెం రత్నవ్వ తీసింది.