మా మరిది తెచ్చిన ఇనప పొడి

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి ఇటు బాగా తగులుతుంది. చేతిలో పనుంటే మానక్కర్లేదు, చిక్కుడుకాయలు తుంచుకుంటూ వినండి. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. పెద్ద మాటలు నాకు రావు గానీ, ఎవరు ఎక్కడ నిలబడి ఏమన్నారో, ఆ రోజు వాళ్ళ ఒంటిమీద ఏ చొక్కా ఉందో కూడా చెప్పగలను. నా వయసువాళ్ళకైతే సగం చెబితే చాలు, మిగతా సగం మీ ఇళ్ళలోనే జరిగుంటుంది.

పోయిన నెల గుంటూరులో పంటి డాక్టరమ్మ నా దవడ పన్నుకి తొడుగు వేసింది. పోత పోయించారా అని అడిగితే నవ్వి, ఇప్పుడు పోత ఎక్కడిదమ్మా, లోహప్పొడిని పొరలు పొరలుగా పరిచి మిషన్లో లేజరుతో కరిగించి చేస్తారు అంది. అప్పటికే మళ్ళీ నోరు తెరిపించేసింది, మాట్లాడటానికి లేదు. కానీ నా మనసు మాత్రం ఒక్క పరుగున మా పేటలో పాత ఇంటి వెనక రేకుల షెడ్డులోకి వెళ్ళిపోయింది.

పేట అంటే మాకు చిలకలూరిపేటే. మా ఆయన ఆ షెడ్డులో లేతు మిషను పెట్టుకుని, జిన్నింగు మిల్లుల్లో అరిగిపోయిన ఇరుసులు, కప్పీలు బాగుచేసేవారు. దూది నలుసులు మా గుమ్మం దాకా ఎగిరి వచ్చేవి, పెరుగు మీద కూడా వాలేవి. మా మరిది, అంటే ఆయన తమ్ముడు, ఆ లేతు పక్కనే పెరిగి, మెకానికల్ ఇంజనీరింగు చదివి, ఉద్యోగం వస్తున్నా కాదని పరిశోధన అంటూ హైదరాబాదు వెళ్ళాడు. రెండు వేలు దాటిన కొత్తలో ఒక వేసవి ముందు, మూతికి గుడ్డ కట్టుకుని, సీలు వేసిన డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని ఇంటికి దిగాడు.

అప్పటి రోజులు మీకు గుర్తు చెయ్యాలా? పచ్చపురుగు వచ్చి పత్తి తుడిచిపెట్టుకుపోయిన ఏళ్ళు ఇంకా ఎవరి మనసులోనూ ఆరలేదు. విత్తనం నకిలీ, పురుగుమందు నకిలీ, కారంలో ఇటుక పొడి, పసుపులో ఇంకేదో. ఎవరు ఏ పొడి చేతికిచ్చినా మనవాళ్ళు ఊరికే తీసుకునేవాళ్ళు కాదు. చిటికెడు తీసి అరచేతిలో నలిపి, వాసన చూసి, గ్లాసుడు నీళ్ళలో వేసి కలిపేవాళ్ళు. మంచి మందైతే నీళ్ళు పాలలా అవుతాయి, నకిలీదైతే మట్టిలా అడుక్కి దిగుతుంది. పత్తి చేలున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన పరీక్ష అది.

అలాంటి రోజుల్లో మా మరిది షెడ్డు తలుపు మూసుకుని, ఆ సీలు డబ్బా ముట్టకుండా, వేరే సంచిలో తెచ్చుకున్న ఏదో బూడిదరంగు పొడిని సన్నటి జల్లెడలో జల్లించేవాడు. అన్న చేత ఉక్కు బద్దె ఒకటి నునుపుగా చేయించుకుని, దానితో ఆ పొడిని పలక మీద నేతిపూతంత పలచగా పరచడం, చెరపడం, మళ్ళీ పరచడం. ఏమిటయ్యా అది అంటే, ఇనప పొడి వదినా, ఇలా పొర మీద పొర పరిచి, ప్రతి పొరలోనూ కావలసినంత మేర వెలుగుతో కరిగిస్తే వస్తువు దానంతటదే లేస్తుంది అన్నాడు. పొర సమంగా పడితే సగం పని అయినట్టేనట, తన చదువంతా ఆ పొర మీదేనట.

నమ్మానంటారా? లేదు. మా ఆయన అసలే నమ్మలేదు. ఆయనకి తెలిసిన పనంతా కడ్డీని చెక్కి వస్తువు చెయ్యడం, చెక్కగా రాలిన రజనుని ఊడ్చి పారెయ్యడం. ఈ రజనుతో వస్తువు చేస్తావా, పిండిని మళ్ళీ గోధుమలు చేస్తానన్నట్టుంది అని తమ్ముణ్ణి ఎగతాళి చేసి, నా దగ్గర మాత్రం గొంతు తగ్గించి, వీడు చెప్పేది నిజమేనంటావా అనేవారు. మా అత్తగారు ఇంకో అడుగు ముందుకు వేసి, పాస్టరుగారిని పిలిచి షెడ్డు తలుపు దగ్గర ప్రార్థన చేయించారు. ఆయన ప్రార్థన ముగించి కళ్ళు తెరిచి, లోపల ఏముందమ్మా అని అడిగారు. ఆయనకీ అనుమానమే.

మూతి గుడ్డ, సీలు డబ్బా, మూసిన తలుపు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూడగానే మాట మార్చేవారు. ఎవరూ నా ముందు అనలేదు గానీ, ఆ ఇంట్లో నకిలీ మందు కలుపుతున్నారన్న మాట బస్సెక్కి మార్టూరు దాకా పోయింది. అక్కడికి దగ్గర పల్లెలోనే మా పెద్ద ఆడపడుచు కాపురం. ఆవిడ భర్త, నేను అన్నయ్యగారు అనేదాన్ని, కౌలుకి పత్తి వేసి, డబ్బా మీద బొమ్మ చూసి కొన్న మందు కొట్టి, చేలో పురుగు పురుగులాగే ఉంటే చూస్తూ కూలబడిన మనిషి. ఆ పల్లెలోనే ఇంకో రైతు అదే మందు తాగి చచ్చిపోతే, మనిషి మీద మాత్రం అది బాగా పనిచేసిందని అన్నయ్యగారు చెప్పి, చెప్పినప్పుడల్లా మొహం తిప్పుకునేవాడు.

మా మరిది తిరుగు ప్రయాణానికి ముందు రోజు, కళ్ళంలో మిరపకాయలు ఎత్తుతున్న మనిషి ఎత్తుతున్నట్టే అన్నయ్యగారు మా ఇంటికి వచ్చేశాడు. వెంట ఇద్దరు రైతులు. ముగ్గురి చొక్కాల నిండా ఎర్రటి దుమ్ము, గుమ్మంలోకి రాగానే నాకు తుమ్ములు.

"మంచినీళ్ళు తర్వాత చెల్లెమ్మా. ముందు ఆ డబ్బా తీయించు."

మా మరిది డబ్బాని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ పొడి పైదేశం నుంచి వచ్చిందని, తన వంతుకి దొరికింది అంతేనని, ఆ మిషను దేశం మొత్తానికీ ఒకటో రెండో ఉంటే తనకి నెలల తరబడి ఎదురుచూశాక ఎల్లుండికి వంతు వచ్చిందని, తేమ తగిలినా దుమ్ము పడినా అంతా పోతుందని చెప్పుకొచ్చాడు.

"బావా, నువ్వు హైదరాబాదు రా, అక్కడ చూపిస్తాను. ఇక్కడ వద్దు."

"ఏరా బామ్మర్దీ, తియ్యనంటున్నావంటే ఏమనుకోవాలిరా మేము? నాకు మందు అమ్మినవాడు కూడా సీలు తియ్యొద్దనే అన్నాడు."

 మా ఆయన తమ్ముడి వంక చూశారు, ఆ చూపులోనూ సగం అనుమానమే. గోడల మీద నుంచి వీధివాళ్ళ తలలు లేచాయి. ఇంకాసేపు మూసి ఉంచితే మా ఇంటి పేరు ఆ సాయంత్రంతో సరి. అది చూశాక మా మరిది వంగి సీలు కోశాడు.

ముగ్గురూ చిటికెలు తీశారు, నలిపారు, వాసన చూశారు. వెనక వచ్చిన ఇద్దరిలో ఒకాయన నాలిక్కి తగిలించబోతే మా అత్తగారు కేక వేసి ఆపారు. అన్నయ్యగారు గ్లాసు అడిగి, నీళ్ళలో పొడి వేసి గిర్రున తిప్పాడు. నీళ్ళు పాలు కాలేదు. పొడి మొత్తం గ్లాసు అడుగున నల్లగా కూర్చుంది.

"చూశారా, కరగలేదు! నకిలీదే!"

"ఇనుము ఎక్కడైనా కరుగుతుందా బావా?" అన్నాడు మా మరిది.

అప్పుడు మా ఆయన షెడ్డులోకి వెళ్ళి, నేల మీద రజను ఏరడానికి వాడే అయస్కాంతం తెచ్చి గ్లాసు పక్కన ఆనించారు. అడుగున ఉన్న పొడి లేచి, గాజుకి అంటుకుని, గొంగళి వెంట్రుకల్లా నిక్కబొడుచుకుంది.  నమ్మకం ఎక్కువగా అవసరమైంది మా ఆయనకేనని నాకు అప్పుడు తెలిసింది, అయస్కాంతం తీసి మళ్ళీ మళ్ళీ ఆనించి చూశారు.

అన్నయ్యగారి మొహం చూడలేకపోయాను. అప్పుడాయన చేసిన పని మాత్రం మన పక్క మనుషులు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మనకి పత్తి కాటా దగ్గరైనా, మిరప కళ్ళంలోనైనా, బేరానికి పిడికెడు తీసి చూసినవాడు ఆ పిడికెడు కుప్పలోనే పొయ్యాలి, లేకపోతే దొంగతనం కింద లెక్క.

"నీ సొత్తు రవ్వంత కూడా మాకొద్దురా" అని, మా మరిది అడ్డం వచ్చేలోపు, డబ్బా మీద రెండు అరచేతులూ దులిపాడు. మిగతా ఇద్దరూ అంతే మర్యాదగా దులిపారు. బూడిదరంగు పొడి మీద ఎర్రటి నలుసులు పడటం నేను కళ్ళారా చూశాను. తప్పు ఒప్పుకున్న మనిషిని ఆ క్షణాన ఏమంటాం?  మా మరిది మూత పెట్టి, భోంచేసి వెళ్ళు బావా అన్నాడు.

హైదరాబాదులో మళ్ళీ జల్లించాడట గానీ, కారం దుమ్ము ఇనుముకన్నా సన్నమైంది, ఎక్కడ పోతుంది? వెలుగు పడగానే అది కాలి పొగైపోయి, వస్తువు నిండా గుల్లలు వచ్చాయి. మళ్ళీ వంతు రావడానికి ఏడాది పైనే పట్టింది. ఆలోగా చదువుకి వచ్చే డబ్బు ఆగిపోయి, ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవుల్లో ఆ పొరలు పరుచుకుంటూ, తనతోపాటు మొదలుపెట్టినవాళ్ళందరి తర్వాత పట్టా తెచ్చుకున్నాడు. తర్వాత పెద్దవాడే అయ్యాడు. విమానాల ఇంజన్లలోకి వెళ్ళే ముక్కలు చేసే చోట పొడి పరీక్షలన్నీ అతని చేతి మీదే నడిచాయి. కానీ మళ్ళీ ఎన్నడూ మా ఇంటికి డబ్బా తేలేదు. అతని గదిలోకి వెళ్ళాలంటే ఎంతటివాడైనా చేతులు కడిగి, అతనికి చూపించి వెళ్ళాలని, ఎవర్నీ నమ్మడని అక్కడ చెప్పుకుంటారట. ఆ అనుమానం అతను పుట్టుకతో తెచ్చుకున్నది కాదని నాకు తెలుసు. అది మా గుమ్మంలో ఆ సాయంత్రం అంటుకుంది.

ఆ గుల్లల ముక్క, వేలెడంత పళ్ళ చక్రం, మా అన్నయ్యగారే అడిగి తీసుకున్నాడు. పోయేదాకా ఆయన తలుపు పక్క గూట్లో ఉండేది. వచ్చినవాళ్ళకి చూపించి, ఇది మా బామ్మర్ది చేసింది, దీన్ని పాడు చేసింది నేను అనేవాడు. ఆయనకి మందు అమ్మినవాడు మాత్రం ఎవరి గుమ్మంలోనూ ఏదీ ఒప్పుకోలేదు.

పంటి తొడుగు వేయించుకున్న సాయంత్రం మా మరిదికి ఫోను చేశాను. సంతోషిస్తాడనుకున్నాను.  అతను మాత్రం, "ఏ పొడి వాడారో అడిగావా వదినా? నాలుకతో తడిమి చూడు, ఎక్కడైనా గరుకుగా, గుల్లగా తగులుతోందా?" అన్నాడు.

తడిమి చూశాను, అద్దంలా ఉంది. ఆ మాటే చెప్పాను. అటు నుంచి గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

ఇప్పుడు మన వంటింట్లో కారం పొట్లంలో వస్తుంది, పసుపు పొట్లంలో వస్తుంది, కత్తిరించి నేరుగా కూరలో వేసేస్తాం. చిటికెడు తీసి నలిపి చూసే వేళ్ళే లేవు. ఎవరో, ఎక్కడో, ఏ పొడితోనో చేసినదాన్ని నోట్లో పెట్టుకుని నవ్వుతూ ఇంటికి వచ్చాను నేను. నమ్మకం పెరిగిందో, అడిగే ఓపిక పోయిందో నాకు తెలియదు. ఆనాడు అడిగినవాళ్ళు మా వాడి వంతు పాడుచేశారు, నిజమే. కానీ అడిగి, చూసి, తప్పైతే అందరి ముందూ చేతులు దులిపి చూపించిన మనుషులు వాళ్ళు.

పొద్దుపోయింది, చిక్కుడుకాయలు కూడా అయిపోయాయి, ఇక వెళ్ళి రండి. మీ ఇంట తిండిలో కల్తీ, మాటలో కల్తీ లేకుండుగాక. మీ గుమ్మంలోకి అనుమానంతో వచ్చినవాళ్ళు కూడా అన్నం తిని, చేతులు కడుక్కుని, చల్లగా వెళ్ళుదురు గాక.