గంటన్నర రిహార్సలు

ఆ రోజుల్లో మా ఇంట్లో కారు నడిపే అర్హత నాకొక్కడికే ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. కొత్త ఉద్యోగం, సెకండ్ హ్యాండ్ కారు, ఇరవై నాలుగేళ్ల వయసు. ఈ మూడూ ఒకచోట చేరితే మనిషికి తన మీద తనకు ఎంత గౌరవం పుట్టుకొస్తుందో మీకు తెలియనిది కాదు. నాకన్నా రెండేళ్ల ముందే లైసెన్సు తెచ్చుకున్న మా అక్కను స్టీరింగు ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు (ఎందుకని అడిగితే "క్లచ్ నాజూకు" అనేవాణ్ణి). అలాంటి సమయంలో దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్‌లో మా పిన్ని కూతురికి పెళ్లి కుదిరింది. ఎప్పుడూ బస్సులో వెళ్లే మేము ఈసారి మన కారులోనే వెళ్దామని ఇంట్లో ప్రకటించేశాను.

ప్రకటించాక గుండెల్లో రాయి పడింది. జిర్కాటాంగ్ గేటు దాటితే జార్వా ఆదివాసుల అడవి. బళ్లన్నీ వరుస కట్టి, పోలీసు బండి వెంట గంటన్నర పోవాలి. మధ్యలో ఆగకూడదు, దిగకూడదు. మా నానమ్మకి ఎనభై దాటాయి, పొద్దున్నే మూడు గ్లాసుల టీ పడందే మాట రాదు. అందుకని ప్రయాణానికి ముందు ఆదివారం రిహార్సలు పెట్టాను. సామానంతా ఎక్కించి, అద్దాలు మూసి, పోర్ట్ బ్లెయిర్‌లోనే గంటన్నర తిరగడం. "మధ్యలో ఆపమన్నవాళ్లు పెళ్లికి ఓడలో రావాలి. అందులో బాత్‌రూమ్ ఉంటుంది" అని షరతు కూడా నేనే పెట్టాను. అందరూ నానమ్మ వైపు చూశారు.

"మూడ్రోజులు ఓడలో కూకుని ఈ దీవికొచ్చినదాన్నిరా. గంటన్నర కూకోలేనేటి?" అంది నానమ్మ.

జంగ్లీఘాట్‌లో బయల్దేరి, అబర్డీన్ బజారు చుట్టి, బ్రూక్షాబాద్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. మళ్లీ అదే దారి పట్టాం. వెనక సీట్లో అమ్మ కునుకు తీస్తోంది. నానమ్మ తాను వచ్చిన ఓడ గురించి, ఆ వాన గురించి, డెక్కు మీద పారిన నీళ్ల గురించి తీరిగ్గా చెబుతోంది. (బయల్దేరే ముందు కంగారులో నేను సీసాడు నీళ్లు తాగిన సంగతి ఎవరికీ తెలియదు.) రెండోసారి బ్రూక్షాబాద్ చేరేసరికి నాకు చెమటలు పట్టాయి.

"ఏట్రా, స్పీడు పెంచేవు? ఆ అడవిలో ఓవర్‌టేక్ బంద్ కదా" అంది అక్క.

కనిపించిన మొదటి ఇంటి ముందు బ్రేకు వేసి, ముక్కూ మొహం తెలియని ఆవిడ దగ్గరికి పరుగెత్తి, "దీదీ, బాత్‌రూమ్..." అన్నాను. ఆవిడ నా మొహం చూసి, మరో మాట అడక్కుండా దారి చూపించింది. తిరిగొచ్చేసరికి అక్క స్టీరింగు ముందు కూర్చుని సీటు బెల్టు పెట్టుకుంటోంది.

"మరి నువ్వు పెట్టిన రూలే కదరా" అన్నారు నాన్న, నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగి.

అలా నా కారు రోడ్డున, నేను సముద్రం మీద డిగ్లీపూర్ బయల్దేరాం. కుళ్లుకుంటూనే ఓడెక్కాను. తీరా నా బెర్తు మీద నడుం వాల్చాక, వారం రోజులుగా పట్టని నిద్ర ముంచుకొచ్చింది. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని ఆ అడవి దారిలో బండి నడపడమంటే నాకు చచ్చేంత భయమని అప్పుడు అర్థమైంది. రిహార్సలు నానమ్మ కోసం కాదన్నమాట.

పొద్దున్న ఓడ దిగేసరికి జెట్టీ దగ్గర బురద కొట్టుకుపోయిన కారు పక్కన అక్క నిలబడి ఉంది. తాళం నా చేతికివ్వబోయింది.

"వెనక్కి కూడా నువ్వే నడుపక్కా" అన్నాను.

"డర్ లగ్‌తందేట్రా?"

"అవును."

"నాకూ భయమేసింది. అమ్మకి చెప్పకు" అంది, తాళం జేబులో వేసుకుంటూ.

ఇప్పుడు నాకు ఏ దారంటే భయమో ఇంట్లో పిల్లలకు కూడా చెప్పేస్తాను. ఆ ఒక్క "అవును" అనడానికి రాత్రంతా ఓడలో రావలసి వచ్చిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే మాత్రం, పాపం, నవ్వుతో పాటు కాస్త జాలి కూడా కలుగుతుంది.