లేని ముడత

ఆ అమ్మాయి మీద నాకు అసూయ పుట్టింది ఒక ఆదివారం, చర్చి ఆవరణలో. తెలుగు ఆరాధన ముగిసి అందరం టీ తాగుతున్నాం. ఏళ్లుగా నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటున్న నర్సు ఒకావిడ తన ఫోను నా ముందు పెట్టి, “అచ్చం ఇలాగే కుట్టిపెట్టాలి నువ్వు. వీపు మీద ఆకు చూడు, ఎంత ముద్దుగా ఉందో!” అంది.

ఆ ఆకు నాది. వీపు భాగంలో ఆకు ఆకారం కత్తిరించి, చుట్టూ సన్నటి పైపింగ్ తిప్పి, కొన దగ్గర ఒకే ఒక్క గుండీ పెట్టడం మా ఆడపడుచు పెళ్లికి నేను కనిపెట్టిన పని. కనిపెట్టడం అంటే పెద్ద మాటే, బట్ట చాలక అలా సర్దాను. ఫోనులో దాన్ని అటూ ఇటూ తిప్పి చూపిస్తున్న చేతులు మాత్రం నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్లవి. కింద జనం పెట్టిన గుండె గుర్తులు వేలల్లో ఉన్నాయి.

“బాగుంది” అన్నాను. సగం టీ వదిలేసి ఇంటికొచ్చేశాను.

ఆ పిల్లది తరాల కిందటే బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. హూడిలో మేం కింది వాటాలో ఉంటే వాళ్లు పై వాటాలో ఉండేవాళ్లు. లాక్‌డౌన్‌లో బట్టల షాపు ఉద్యోగం పోయాక ఆ పిల్ల ఒకరోజు మా గుమ్మంలో నిలబడి, “అక్కా, ఇంట్లో సుమ్నే, ఊరికే కూర్చోనుండాను. నాకు కుట్టు నేర్పిస్తారా?” అంది. నేర్పాను. హుక్కులు, కాజాలతో మొదలుపెట్టి కటింగు దాకా. చేతిలో ఒడుపున్న పిల్ల, ఒకసారి చెబితే చాలు. పెళ్లయ్యాక నాలుగు వీధుల అవతల కాపురం పెట్టి సొంత మిషను కొనుక్కుంది. అప్పుడు నేను నిజంగానే సంతోషించాను. తను నాకన్నా చిన్నగా ఉన్నన్నాళ్లూ నాకు ఏ బాధా లేకపోయింది.

ఆ సాయంత్రమే మా ఆయన చేత ఆ వీడియోల యాప్ నా ఫోనులో వేయించుకున్నాను. ఆయన ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తారు. వేయడం వరకే తెలుసు, తర్వాత ఏం చెయ్యాలో ఆయనకీ తెలియదు. ఫోనును పౌడరు డబ్బాకి ఆనించి, ఒక కొత్త జాకెట్టు పట్టుకుని వీడియో తీశాను. బొమ్మ పక్కకి పడుకుని వచ్చింది. దానికి పాట పెట్టబోతే నా గొంతు పోయింది, గొంతు పెట్టబోతే పక్కింటి మిక్సీ వచ్చింది. ఎలాగో పైకి ఎక్కించాను. మర్నాటికి పదిమంది కూడా చూడలేదు. చూసినవాళ్లలో తెనాలిలో ఉన్న మా మరదలు ఒకతి. “వదినా, జాకెట్టు బాగుంది. వెనక అన్నయ్య బనియను చిరిగింది, చూసుకో” అని కింద రాసింది. తర్వాత పెట్టినవాటి గతీ అంతే.

“ఆ పిల్లనే అడగరాదూ? ఇట్టే నేర్పిస్తుంది” అన్నారు మా ఆయన.

“నేను పని నేర్పిన పిల్లని నేను అడగాలా?” అన్నాను.

అడగలేదు కానీ, ఆమెను చూడకుండా ఉండలేకపోయాను. గులాబీ పువ్వు బొమ్మతో, లేని మనిషి పేరుతో ఇంకో ఖాతా తెరిచాను. అన్నం వారుస్తూ చూసేదాన్ని, మిషను మీద కూర్చుని చూసేదాన్ని. ఆమె వెనక గోడకి లేత ఆకుపచ్చ రంగు వేయించింది. దేవనహళ్లి నుంచి ఎవరో పెళ్లికూతురు కారులో వచ్చి జాకెట్లు ఇచ్చి వెళ్లిందట. ఆ ముక్క మూడుసార్లు విన్నాను. నా కస్టమర్లు ఎవరైనా ఆమెకి గుండె గుర్తు పెట్టారా అని పేర్లన్నీ వెతికాను. ఆ నర్సమ్మ పెట్టింది.

ఒకరోజు ఆమె ఎర్ర పట్టు జాకెట్టు చూపించింది. పెళ్లి జాకెట్టు. కుట్టు ఎంత శుభ్రంగా ఉందో నాకు తెలుసు. ఆ గులాబీ ఖాతాలోంచి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టాను. “చంకమలుపు దగ్గర ముడత పడింది. పని తెలిసినవాళ్లు ఇలా కుట్టరు.”

గంటలో నలుగురు అవునవునన్నారు. ముడత లేనే లేదు, అయినా వాళ్లకీ కనబడింది. నేను పెట్టిన వీడియోలన్నిటికీ రానంత మెప్పు ఆ ఒక్క ముక్కకి వచ్చింది. ఆ పూట చాలా హాయిగా ఉన్నాను. దాచుకోవడం దేనికి?

మూడో రోజు పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి ఆ ఎర్ర జాకెట్టు తీసి బల్ల మీద పరిచింది. రెండు చేతులూ ఊడదీసి ఉన్నాయి.

“ఇదేంటి? ఎందుకు విప్పావు?”

“ముడత ఉండాదని ఎవరో రాసుండారక్కా. నిన్నంతా వెతికినా, నా కంటికి కనబడలే. విప్పితే తెలుస్తాదేమోనని విప్పేసినా. ఎల్లుండి పెండ్లి. మీరే చూసి చెప్పండి.”

వెలుగులోకి జరిపి చూశాను. విప్పిన చోట సూది రంధ్రాలు ఒక్క వరసలో, ఒక్క ఎడంలో ఉన్నాయి. పట్టు మీద ఆ గుర్తులు ఇక పోవు.

“ఎవరో ఏదో రాస్తే విప్పేస్తావా? వాళ్లకి పని తెలుసో లేదో!” అన్నాను. గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

ఆమె జాకెట్టు మీంచి తల ఎత్తలేదు. “చంకమలుపు అని రాసుండారక్కా. ఈడ అందరూ ఆర్మ్‌హోల్ అంటారు. ఆ మాట మీరు తప్ప ఇంకెవరంటారప్పా?”

అది మా అమ్మ మాట. నాకు తెలియకుండానే వేలి చివరికి వచ్చేసింది.

“తెలిసే వచ్చావా?”

“తెలిసే విప్పినా. వేరే ఎవరన్నా అయితే పోనీ అనేదాన్ని. మీరు చెప్పినారంటే ఉంటాది కదా అని.”

ఊడిన చేతుల్ని మడిచి పక్కన పెట్టాను. తర్వాత చెప్పాను. “ముడత లేదమ్మా. కావాలని రాశాను.”

“ఎందుకక్కా?”

“ఓర్వలేక. ఆ ఆకు నాది. అంతమంది మెచ్చుకుంటుంటే ఒక్కసారైనా ఎక్కడ నేర్చుకున్నావో చెప్పలేదు నువ్వు.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “చెప్పల్లని నాకు తోచలేదక్కా. మీకు ఇవన్నీ గిట్టవనుకొన్నా. అయినా, నా ముఖం మీదే అడిగుండొచ్చు కదా?”

మిషను మీది గుడ్డ తీశాను. సూది గుర్తులు లోపలికి పోయేలా కుట్టు రవ్వంత జరిపి ఒక చెయ్యి నేను కుట్టాను. రెండోది ఆమె కుట్టింది. పెళ్లికూతురికి కాస్త బిగుతవుతుందేమోనని చంక కింద కనబడని చోట పక్క కుట్లు కొంచెం వదులు చేశాం. కాఫీ ఇస్తే తాగలేదు. ఆమె వెళ్లగానే ఆ రాత, ఆ ఖాతా రెండూ తీసేశాను.

రెండు వారాలు ఆమె నుంచి కబురు లేదు. నేను ఫోను చెయ్యడానికి సిగ్గుపడ్డాను. తర్వాత ఒక మధ్యాహ్నం తనే వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, “ఫోను తియ్యండక్కా” అంది. నా వీడియోలన్నీ చూసి, బనియను దగ్గర ఒక్కసారి నవ్వింది. “ఉత్త జాకెట్టు చూపిస్తే ఎవరు చూస్తారక్కా? మీ చేతులు చూపించండి. నాకు నేర్పినట్టే మాట్లాడండి, తిట్లతో సహా.”

ఆ రోజు కాజా కుట్టడం తీశాం. దారం ఎక్కువ లాగితే ఏమవుతుందో చెబుతూ, అలవాటుకొద్దీ “కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?” అన్నాను. ఆ ముక్కకే జనం నవ్వారట. తన పేజీలో ఆకు జాకెట్టు మళ్లీ పెట్టి, ఇది మా అక్క దగ్గర నేర్చుకున్నానని చెప్పింది. ఆ వారం హెబ్బగోడి నుంచి ఒకమ్మాయి రెండు బస్సులు మారి కొలత జాకెట్టు తెచ్చిచ్చింది.

ఇప్పుడు ఆమె మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులున్న షాపు పెట్టింది. వారానికి రెండు రోజులు వచ్చి తన దగ్గర పనిచేసే ఆడపిల్లలకి కటింగు నేర్పమని అడిగింది. వెళుతున్నాను. అసూయ పోయిందని చెప్పలేను. ఆమె ఫోను టింగుమన్నప్పుడల్లా, ఎక్కడి నుంచి ఆర్డరో అని నా కత్తెర ఆగేది. ఆమె గమనించినట్టుంది. ఈ మధ్య నేను ఉన్నంతసేపూ ఫోను సైలెంటులో పెడుతోంది. ఎందుకని నేను అడగలేదు.