మా నాన్నది ఏ ఊరు

నేను పనిచేసిన ఆఫీసు పంజాగుట్టలో ఒక స్వీట్ షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. చౌరస్తాలో ఫ్లైఓవర్ స్తంభాలు లేస్తున్న రోజులవి. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే నెయ్యి వాసన. జువాలజీ డిగ్రీ పట్టుకుని జావా నేర్చుకుందామని అమీర్‌పేట వెళ్లినవాణ్ని. రోడ్డు మీద ఎవరో జీవశాస్త్రాన్ని కంప్యూటర్‌తో కలిపే బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సు పాంప్లెట్ చేతిలో పెడితే అటు తిరిగిపోయాను. అప్పట్లో జావా రానివాళ్లందరికీ అదే ఆశ. కోర్సు అయ్యాక దొరికిన ఉద్యోగం ఇది.

మగవాడి కణాల్లో వై క్రోమోజోమ్ అని ఒకటుంటుంది. తండ్రి నుంచి కొడుక్కి, ఆ కొడుకు నుంచి అతని కొడుక్కి దాదాపు మారకుండా వస్తుంది. ఎప్పుడో ఒకసారి ఒక చిన్న మార్పు పడితే, ఆ పైన ఆ వరసలో పుట్టే మగపిల్లలందరికీ అది వెంట వస్తుంది. వేర్వేరు ప్రాంతాల మగవాళ్లలో ఈ మార్పుల్ని పోల్చి చూస్తే, ఎవరి పూర్వీకులు ఎవరికి దగ్గరో, ఎటు నుంచి ఎటు వలస వెళ్లారో కొంత తెలుస్తుంది. విదేశంలోని ఒక యూనివర్సిటీ కోసం మేము తెలుగు జిల్లాల నమూనాలు సేకరించేవాళ్లం. అన్ని జిల్లాల మగపిల్లలూ ఒకేచోట దొరికేది అమీర్‌పేట హాస్టళ్లలోనే.

దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపల రుద్ది, గొట్టంలో వేసి మూత బిగించేవాణ్ని. తర్వాత ప్రశ్నలు. నాన్నగారిది ఏ ఊరు? తాతగారిది? ఆయన తండ్రిది? కుర్రాళ్లకు ఇదంతా సరదా. "మాది రాజుల వంశమని తేలుతుందా అండీ?" అని ఒకడు అడిగితే, మంచం మీద పడుకున్నవాడు "నీది పేకముక్కల్లో రాజు వంశంరా" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ని. ఆ ప్రశ్న నన్నెవరైనా అడుగుతారన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆఫీసు నడిపే శాస్త్రవేత్తను మేమంతా మేడమ్ అనేవాళ్లం. ఒక పొద్దున ఆవిడ, నమూనాలు ముట్టుకునే మగవాళ్లందరూ తమది కూడా ఇవ్వాలంది. మా డీఎన్‌ఏ పొరపాటున వాటిలో కలిస్తే గుర్తుపట్టడానికట. నా పక్క సీటులో కూర్చునే నల్గొండ అతను పుల్లలు పట్టుకుని బయల్దేరాడు. మంచివాడు, నోరు పెద్దది. నా బుగ్గ రుద్దడం అయిపోయాక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"చెప్పన్నా, మీ నాయనది ఏ ఊరు?"

"కృష్ణా జిల్లా."

"జిల్లా గాదన్నా, ఊరు."

"తెలీదు."

"జోక్ చేస్తున్నవా? గింతమందిని అడిగెటోనివి, నీ సంగతి నీకు ఎర్క లేదా?"

అందరూ నవ్వుతూ నా వైపు తిరిగారు. నేను నవ్వలేదు. ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. నా ఇంటిపేరు మా అమ్మ పుట్టింటిది. మా ఇంట్లో నాన్న ఫోటో లేదు. చిన్నప్పుడు అడిగితే అమ్మ "దూరంగా ఉన్నాడు" అనేది. కొన్నాళ్లకు అడగడం మానేశాను. స్కూల్లో, కాలేజీలో ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నవాణ్ని, తండ్రుల ఊళ్లు అడగడమే పనిగా ఉన్న చోట దొరికిపోయాను.

"మన స్టాఫ్‌కి ఊరు అక్కర్లేదు, వదిలేయండి" అంది మేడమ్. దయగానే అంది. ఆ దయకే నా చెవులు మండిపోయాయి.

అప్పుడు మేము మధురానగర్‌లో ఉండేవాళ్లం. ఇంటి ముందుగదిలోనే అమ్మ కర్రీ పాయింట్ నడిపేది. సాయంత్రం నేను వెళ్లేసరికి పప్పుచారు కవర్లలో పోసి రబ్బరు బ్యాండ్లు వేస్తోంది. ఎదురుగా హాస్టల్ కుర్రాళ్ల గుంపు. వాళ్లు వెళ్లేదాకా కూడా ఆగలేకపోయాను.

"మా నాన్నది ఏ ఊరమ్మా?"

అమ్మ గరిటె ఆగింది. "బెండకాయ వేపుడు ఎవరు అడిగారు బాబూ?" అంది గుంపు వైపు చూసి. ఆ రాత్రి ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఆఫీసులో ఏం జరిగిందో మాత్రం మొత్తం చెప్పించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ మా ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పెద్ద క్యారేజీ, కొంగుకు పసుపు మరక, ఒంటి నిండా తాలింపు వాసన. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"ఊళ్లు రాసుకునే అబ్బాయి ఎవరు?"

నల్గొండ అతను లేచి నిలబడి కుర్చీ జరిపాడు. "నేనేనమ్మా. కూసోండి. నిన్న తప్పు మాట్లాడిన, జర మనసుల పెట్టుకోకుండ్రి."

"నీ తప్పేం లేదు బాబూ. రాసుకో." దివిసీమలో ఒక ఊరి పేరు చెప్పింది. "వీడి తాతదీ అదే. ముత్తాత మాత్రం గుంటూరు వైపు నుంచి వచ్చాడంట. మా అత్తగారు చెప్పేది. వీడు ఉయ్యాల్లో ఉండగానే వీడి నాన్న ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నేనే వీడికి చెప్పలేదు. వీడికి తెలీదంటే వీడేం చేస్తాడు?"

కూరల బేరంలో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. గది అంతటికీ వినిపించింది. నేను నేల వైపే చూస్తున్నాను. తర్వాత అమ్మ నా బల్ల మీది గొట్టాల్ని చూసి, "ఇందులో నాది ఏం కనపడుతుంది?" అని అడిగింది.

నేనే చెప్పాల్సి వచ్చింది. "ఈ పరీక్షలో కనపడదమ్మా. ఇది మగవాళ్ల వరస ఒక్కటే. తల్లి నుంచి వచ్చేదాన్ని చూసే పరీక్ష వేరే ఉంది. మేము అది చెయ్యం."

"అంటే ఆయనది ఒక్కటే వస్తుందా?"

"ఆ."

అమ్మ "సరే, చల్లారిపోతుంది, తినండి" అని క్యారేజీ విప్పింది. అందరూ తిన్నారు. నల్గొండ అతను గోంగూర రెండోసారి వేయించుకున్నాడు. నేను మాత్రం అన్నం కలుపుతూనే కూర్చున్నాను. అందరి ముందూ అమ్మ ఆ మాటలు చెప్పినందుకు సిగ్గు, ఆ సిగ్గు పడుతున్నందుకు అంతకంటే పెద్ద సిగ్గు.

కొన్ని నెలలకు ఫలితాలు వచ్చాయి. నాది దక్షిణాదిలో చాలామందికి ఉండే వంశవృక్షపు కొమ్మే. కానీ కంప్యూటర్‌లో ఇంకొక నమూనా, ఆ క్రోమోజోమ్ మీద మేము చూసిన చోట్లన్నిటా నాతో సరిగ్గా సరిపోయింది. ఊరు చూస్తే దివిసీమలోని అదే ఊరు. మా నమూనాలకు పేర్లుండవు, కోడ్ నంబర్లే; పేర్ల జాబితా మేడమ్ దగ్గర ఒక్కటే ఉండేది. అమీర్‌పేటలో ఏదో హాస్టల్లో ఎవరో తీసిన నమూనా. అతను నా తండ్రి కొడుకే కావచ్చు. ఎన్నో తరాల వెనక ఒకే తాతకు పుట్టిన వరసలో దూరపు బంధువూ కావచ్చు. ఈ పరీక్ష అంతవరకు చెప్పలేదు.

మేడమ్ గదిలోకి వెళ్లి ఆ కోడ్ ఎవరిదో చెప్పమని అడిగాను.

"అతను ఇందుకోసం ఇవ్వలేదు కదా" అంది ఆవిడ మెల్లగా. "మనల్ని నమ్మి నోరు తెరిచాడు." నేను క్షమించమని కూడా అనలేక బయటికొచ్చేశాను.

అమ్మకు చెప్పాను. మధ్యాహ్నం కొట్టు మూసి వెల్లుల్లి వలుస్తోంది. విని చేతిలోని పాయ పక్కన పెట్టింది.

"వెతుకుతావా?"

"వెతకను. పేరు కూడా చెప్పరు."

"వెతకాలని అనిపించలేదా?"

నేనూ ఒక వెల్లుల్లిపాయ అందుకున్నాను.

"వద్దురా. వాడికి వాళ్ల నాన్న ఎలాంటివాడో మనకేం తెలుసు? మంచివాడనే అనుకుంటున్నాడేమో. నువ్వు వెళ్లి నిలబడితే, ఆఫీసులో నీకు ఎలా అయిందో వాడికీ అలాగే అవుతుంది. ఆ కుర్రాడేం చేశాడు?"

నాకు కావలసింది సరిగ్గా అదేనని అప్పుడు తెలిసింది. నేను ఒక్కణ్నే పడ్డ అవమానంలో ఇంకొకడికి వాటా పెట్టాలని. అమ్మ వైపు చూడలేక వెల్లుల్లి పొట్టు ఏరుతూ కూర్చున్నాను.

ఆ ప్రాజెక్టు పూర్తయ్యేదాకా హాస్టళ్లకు వెళ్తూనే ఉన్నాను. దివిసీమ వైపు కుర్రాడు ఎవరైనా నోరు తెరిస్తే, నా కళ్లు వాడి ముక్కు మీదికి, చెవుల మీదికి వెళ్లేవి. మరుక్షణం సిగ్గేసి చూపు దించుకునేవాణ్ని. తర్వాత బేగంపేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. చేరిన రోజున జీతం కంటే ముందు గుర్తొచ్చింది ఒకటే, ఇక ఎవరి మొహంలోనూ నా పోలికలు వెతుక్కోనక్కర్లేదని.