తనంతట తానే ఆగిన కారు: మరిపెడ నుంచి మహబూబాబాద్ డ్రైవింగ్ పరీక్షకు

నవంబరు 18, మంగళవారం. ఈ ఉదయం మహబూబాబాద్‌లో డ్రైవింగ్ పరీక్షకు వెళ్లి, తప్పి, సాయంత్రం నాలుగింటికి మరిపెడలో ఇల్లు చేరాను. ఎలక్ట్రిక్ కారుతో పరీక్షకు వెళ్లబోయేవారు నేను చేసిన పొరపాటు చేయకూడదని, వివరాలు తాజాగా ఉండగానే రాస్తున్నాను. నాకు అరవై నాలుగేళ్లు. లెక్కల టీచరుగా రిటైరయ్యాను. మొన్నటి వరకు ఇంట్లో కారు నడిపింది మా ఆయనే. ఇప్పుడు ఆయన కుడికంటి చూపు బాగా తగ్గింది. నెలకోసారి హనుమకొండ వెళ్లి కంట్లో ఇంజెక్షన్ వేయించుకోవాలి, ఇక స్టీరింగ్ పట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. తరువాతి ఇంజెక్షన్ ఈ నెల 28న. అది తప్పితే ఉన్న చూపు కూడా నిలవకపోవచ్చు.

భూపాలపల్లిలో నర్సుగా పనిచేసే మా అమ్మాయి తన ఎలక్ట్రిక్ కారును మా దగ్గర ఉంచింది, కానీ తనకు సెలవు దొరకదు. ఆయన నడపడం మానేశాక మమ్మల్ని హనుమకొండ తీసుకెళ్తున్నది పక్క తండాలో ఉండే సోమ్లా. అతను వరికోత మిషన్ నడుపుతాడు. 26న మహదేవపూర్ వైపు కోతలకు వెళ్తే నెల దాకా రాడు. కంటికి కట్టుతో రెండు బస్సులు మారడం మా ఆయన వల్ల కాదు. కాబట్టి లైసెన్సు నాకే రావాలి. నా లెర్నర్ లైసెన్సు గడువు కూడా 26తోనే ముగుస్తుంది. అది దాటితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పరీక్ష పదిన్నరకు. ఏడున్నరకు బయలుదేరాం. నేను స్టీరింగ్ దగ్గర, లైసెన్సు ఉన్న సోమ్లా నా పక్కన, మా ఆయన వెనక. కురవి మీదుగా రానూ పోనూ డెబ్బై అయిదు కిలోమీటర్ల లోపే. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుంటే దారిలో ఎక్కడా ఆగనక్కరలేదు. అయితే కోతల కాలం కావడంతో ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. అలాంటి ఒక చోట వడ్లను తప్పించడానికి స్టీరింగ్ కుడికి తిప్పాను. గీత దాటుతున్నానని కారు అనుకుంది కాబోలు, స్టీరింగును ఎడమకు, వడ్ల వైపే లాగింది. మరుక్షణం ముందున్న రాళ్లను చూసి తనే బ్రేకు వేసుకుని ఆగింది.

వడ్లను కాళ్లతో తిరగేస్తున్న ఒక అవ్వ కొంగు బిగించి కారు దగ్గరికి వచ్చింది. "ఓ అక్కా, నా వడ్ల మీదికే తోలుకొస్తున్నవేంది? రోడ్డు నాది కాకపోవచ్చు గని, వడ్లు నావేనే!"

సోమ్లా అద్దం దించాడు. "టీచరమ్మ తప్పు కాదవ్వా, కారే గట్ల మళ్లింది."

"కారు మళ్లుడేంది? తాగిందా?"

మా ఆయన వెనక నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కొంచెం ముందుకు పోయి, కారును పక్కకు ఆపి, కారు తెరమీద వెతికి, గీత దాటకుండా కాసే లేన్ అసిస్ట్, ఆటోమేటిక్ బ్రేకు రెండూ బంద్ చేశాను. ఇక ఏం జరిగినా నా చేతులు, నా కాళ్లే. కురవిలో ఇడ్లీ, టీకి ఇరవై నిమిషాలు ఆగి, తొమ్మిదిన్నరకు మహబూబాబాద్ చేరాం. కారు కాగితాలు, బీమా, ఆధార్, లెర్నర్ అన్నీ వరుసగా ఫైలులో ఉంచుకున్నందున కౌంటరు దగ్గర అయిదు నిమిషాలకు మించి పట్టలేదు.

ట్రాకు మీద ఇనుప కడ్డీలు పాతి ఉంటాయి. వాటి మధ్య ముందుకు పోయి, వెనక్కి మలుపు తిరిగి రావాలి. కడ్డీకి కారు తగిలితే పరీక్ష పోయినట్టే. ముందుకు పోవడం చక్కగా అయింది. వెనక్కి ఎడమకు తిప్పుతుండగా కారు ఒక్క కుదుపుతో ఆగింది. చూస్తే వెనక కడ్డీ జానెడు దూరంలో ఉంది. మళ్లీ ముందుకు తీసి, సరిచేసుకుని, దేనికీ తగలకుండా బయటికి వచ్చాను.

పరీక్ష చూసిన ఇన్‌స్పెక్టర్ నడివయసు మనిషి. కాగితం మీద పెన్ను పెట్టి, "ఇయ్యాల వచ్చినోళ్లల్ల మీదే నయమమ్మా. కడ్డీ కాడ టైముకు బ్రేకేసిన్రు" అన్నారు.

"బ్రేకు నేను వేయలేదు సార్. కారే ఆగింది. నా కాలు యాక్సిలరేటర్ మీదనే ఉంది."

ఆయన తలెత్తారు. "అవన్నీ బంద్ చేసి రావాలె గదమ్మా?"

"బంద్ చేసిననే అనుకున్న సార్."

"పాసని రాయబోతున్న. మీరే గిట్ల చెప్తే నేనేం రాయాలె?"

"ఎట్ల జరిగిందో అట్లనే రాయండి."

ఆయన ఫెయిల్ అని రాసి, ఏడు రోజుల తరువాత రమ్మన్నారు. బయటికి రాగానే సంగతి విని సోమ్లా తల పట్టుకున్నాడు. "గంత పని చేస్తివేంది టీచరమ్మా! నిన్ను అడిగినోడే లేడు గద!" అంటూనే తెర తెరిచి చూపించాడు. నేను బంద్ చేసినవి రెండూ మళ్లీ వెలుగుతున్నాయి. కురవిలో టీకి దిగినప్పుడు కారు ఆపాను కదా, మళ్లీ స్టార్ట్ చేయగానే అవి వాటంతట అవే మొదలయ్యాయి. ఒకసారి చూసుకోకపోవడం నా తప్పే.

తిరుగు దారిలో కురవి దాటాం. మా ఆయన మెల్లగా అన్నారు, "లైసెన్సు నా కండ్ల కోసమే గద. నా కోసం ఒక్క మాట మింగితే ఏమాయె?"

"ఇరవై ఎనిమిదిన ఈ కారుల కూసునేది మీరే. కారు చూడకపోతే నేను చూస్తనా లేదా, అది తెలియాలె గద."

"తెలిసింది గద. చూడలే."

సోమ్లా కిటికీ వైపు తిరిగి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట నిజం కాబట్టి ఇంటికి పోలేదు, నేరుగా సోమ్లా వాళ్ల కల్లానికి పోయాం. వడ్లు ఎత్తేసిన ఖాళీ జాగా. ట్రాకు కొలతలకు కర్రలు పాతి, కారు సాయం మొత్తం బంద్ చేసి, వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి రెండు కర్రలు పడ్డాయి. రెండోసారి ఒకటి. మా ఆయన నులక మంచం మీద కూర్చుని, బాగున్న ఎడమకంటితో చూస్తూ పడిన కర్రల లెక్క గట్టిగా చెప్పారు. అయిదోసారి నుంచి ఎనిమిదోసారి దాకా ఆయనకు లెక్కపెట్టడానికి ఒక్కటీ దొరకలేదు.

ఆటోమేటిక్ బ్రేకు మంచి వస్తువే. రోడ్డు మీద దాన్ని నేను ఇక బంద్ చేయను. కానీ మూడు నెలలు దాని నీడలోనే నేర్చుకున్నందువల్ల, వెనక్కి పోయేటప్పుడు ఎక్కడ ఆగాలో నా కాలికి తెలియలేదు, తెలుసని మాత్రం నేను అనుకున్నాను. పరీక్ష పోయిందన్న బాధ నాకు లేదు. ఆ లోపం 28న హనుమకొండ రద్దీలో కాకుండా ఇవాళ ట్రాకు మీద బయటపడింది. ఇటువంటి కారుతో వెళ్లేవారికి ఒకటే సూచన: ఇంటి దగ్గర బంద్ చేసి వచ్చామని నమ్మవద్దు. చివరిసారి స్టార్ట్ చేసిన తరువాత, ట్రాకు గేటు ముందు, తెర తెరిచి మీ కళ్లతో చూసుకోండి.

ఇక జరగవలసినవి:

1. ఈ సాయంత్రమే 25వ తేదీ ఉదయం మొదటి స్లాటు బుక్ చేసి, రుసుము మళ్లీ కట్టాలి.
2. 24 వరకు రోజూ కల్లంలో పదిసార్లు వెనక్కి తిప్పాలి. కర్ర పడితే ఆ రోజు లెక్క మళ్లీ ఒకటి నుంచి.
3. 25న సోమ్లా నా పక్కన రావాలి. మరునాడే అతని ప్రయాణం కాబట్టి ఆలస్యం కాకుండా పంపాలి.
4. 28న ఉదయం ఆరింటికి హనుమకొండ బయలుదేరాలి. మా ఆయన నా పక్క సీట్లో కూర్చోవాలి.