పక్కనుంచి కలిసిన గొంతు

పొద్దున్నే మనవరాలు ఫోన్లో పంపిన గులాబీల బొమ్మ మీద, దేవుడు మనిషిని చూసి, ‘నా కంటికి నువ్వు విలువైనదానివి’ అనే బైబిలు మాట కనబడగానే, చేతిలో టీ చల్లారుతున్న సంగతి కూడా మరిచిపోయాను. అరవై దాటిన ఈ వయసులోనూ సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

చిన్నప్పుడు నాకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే నాలుక మొండికేసి కూర్చునేది. భద్రాచలం అవతల అడవి అంచు ఊళ్లో, బీడీల తునికాకు ఆరబెట్టే కల్లంలో పనిచేసే మా నాన్న, ఇంటికొచ్చినవాళ్లు నా పేరడిగితే నేను నోరు తెరిచేలోపే తనే చెప్పేసి నన్ను లోపలికి పంపేవాడు. ప్రేమ లేక కాదు, సిగ్గు. అది చూసి నేను మరింత కుంచించుకుపోయి, దేవుడు నన్ను పొరపాటున చేసి ఉంటాడనుకునేదాన్ని.

క్రిస్మస్ నాడు మా చర్చిలో పిల్లలు ఒక్కొక్కరే లేచి కంఠత వాక్యం చెప్పాలి. పాస్టరుగారి భార్యను మేము అమ్మగారనేవాళ్లం. ఆమె నాకు ఈ వాక్యమే ఇస్తే, నాన్న వెళ్లి, "దీనికి మాట తిరగదమ్మగారూ, నలుగురిల నవ్వులపాలైతది, ఇడిసిపెట్టుండ్రి" అని బతిమాలాడు. ఆమె వినలేదు. ప్రతి ఆదివారం పాస్టరుగారు కీర్తనలో ఒక వరుస చదివితే తర్వాతి వరుస సంఘమంతా ఒక్క గొంతుతో చదివేది. అలా చదివేటప్పుడు నా నాలుక ఎక్కడా తడబడడం లేదని, చాప మీద నా పక్కనే కూర్చునే ఆమె ఎప్పుడో కనిపెట్టింది.

పండుగనాడు లేచాను, మొదటి మాటకే ఆగిపోయాను. పిల్లలు కిసుక్కుమన్నారు, నాన్న తల వంచుకున్నాడు, నాకు అక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది. అప్పుడు అమ్మగారు లేచి, "అందరం చెప్దాం పట్టుండ్రమ్మా" అంటూ ఆడవాళ్లతో కలిసి వాక్యం మొదటినుంచీ అందుకుంది. వాళ్ల మధ్య నా గొంతూ సాఫీగా సాగింది. చివరికొచ్చేసరికి ఆమె చెయ్యెత్తి అందర్నీ ఆపింది, నేను మాత్రం ఆగలేదు, విలువైనదానివన్న మాట ఒక్కదాన్నే అనేశాను. అన్నాక గానీ అది దేవుడు నాతోనే అంటున్నాడని తెలియలేదు. ఆ తర్వాత ఎవరు నా పేరడిగినా, నేను చెప్పేదాకా నాన్న ఆగేవాడు.

అమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. ఆ చర్చికి స్లాబు పడింది, మైకులొచ్చాయి, పిల్లలు గడగడా చెప్తుంటే ఫోన్లు పైకి లేస్తాయి. నా నత్తి మాత్రం పూర్తిగా పోలేదు. మొన్న ఖమ్మం దవాఖానాలో చీటీ రాసే అమ్మాయి ముందు మాట ఆగిపోతే, వెనక లైను విసుక్కుంది. ఎవరైనా గొంతు కలుపుతారేమోనని, అలవాటు చావక పక్కకి చూశాను. ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. విలువైనదాన్నే అని లోపల అనుకుని, నిదానంగా మాట పూర్తి చేశాను.