నాలుగో నారింజ

మాది వినుకొండ. పరాయి దేశంలో, కొటొనూ నగరంలో పత్తి వ్యాపారంలో పనిచేసే రోజుల్లో, ఒక ఆదివారం ఊరు చూద్దామని ముగ్గురం బయల్దేరాం. నేను, చీరాల నుంచి వచ్చిన సలీం, ఆ ఊరివాడే అయిన కోఫీ. బజార్లన్నీ తిరిగి, మధ్యాహ్నం సరస్సు దాటడానికి పడవల రేవులో ఒక బల్ల మీద కూర్చున్నాం.

పడవ కోసమే కూర్చున్న ఒక ముసలావిడ నారింజలు ఒలుచుకుంటోంది. మమ్మల్ని చూసి నవ్వి, మా బల్ల మీద నాలుగు పళ్ళు పెట్టింది.

"మేం ముగ్గురమే కదా, అడుగు," అన్నాను కోఫీతో.

ఆవిడ సలీం పక్కనున్న ఖాళీ చోటు చూపించి ఏదో చెప్పింది. కోఫీ ఆ చోటు వైపు ఓసారి చూసి, మాకు ఇంగ్లీషులో చెప్పాడు.

"అక్కడ కూర్చున్నతనికట. ఒళ్ళంతా తడిసి ఉన్నాడంటోంది."

సలీం ముఖం పాలిపోయింది.

"మా అన్నరా," అన్నాడు నాతో. "మా ఊరి దగ్గర వాడరేవు సముద్రంలో మునిగిపోయాడు. రానంటుంటే నేనే లాక్కెళ్ళాను. ఆ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు."

మేం పడవ ఎక్కలేదు. సలీం అక్కడినుంచే వాళ్ళమ్మకి ఫోన్ చేసి, ఏడుస్తూ అంతా చెప్పాడు. ఫోన్లో వాళ్ళమ్మ గొంతు నాకూ వినిపించింది.

"నాకు తెలుసులేరా. మీ అన్నే వచ్చి చెప్పాడు."